చీలిన అంగిలి – శిశువు పాలు

గ్రహణం మొర్రితో పెదవి మాత్రమే చీలిన శిశువు తరచు తల్లిపాలు త్రాగగలదు. అంగిలి చీలినచో మొదటి గండము ఆకలియే. అట్టి శిశువునకు మింగుట వచ్చును, పీల్చుటయే రాదు. చిల్లిపడిన గొట్టముతో నీరు పీల్చజూచినట్లు, చీలికగుండా గాలి చొరబడి నోటిలో పీడనమును తగ్గనీయదు.

1819లో పారిస్‌లో రూ అను శస్త్రవైద్యుడు జాన్ స్టీఫెన్‌సన్ అను వైద్యవిద్యార్థికి పుట్టుకతో చీలిన మెత్తని అంగిలిని కుట్టి కలిపెను. విద్యార్థి అయ్యెడువరకు బ్రతికిన అదృష్టవంతుడతడు! ఈ శస్త్రచికిత్స నేడును సాధారణముగా ఏడాది ప్రాయమునకు గాని జరుగదు. అంతవరకు పాలు పట్టుట ఎట్లు?

చెంచాతో, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పోయుట పాతమార్గము. 1980ల ఆరంభమున ఇంగ్లండులో, అట్టి బిడ్డనే కని తల్లడిల్లిన మాండీ హేబర్‌మన్ పాలపీకకు, సీసాకు నడుమ ఒకవైపే తెరచుకొను కవాటమును అమర్చెను. పీల్పుతో పనిలేదు, శిశువు చిగుళ్ళతో పీకను నొక్కిన చాలును, పాలు సీసాలోనికి మరలక నోటిలోనికే పోవును.