జపాన్ ఆటలో కుండ, కోట్‌పాడ్‌లో కుండ

ఈసారి కాస్త కొత్త సంగతి రాస్తున్నాం. పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

బొయిపరిగుడలోనూ జయపురంలోనూ మన తెలుగు ఇళ్ల పిల్లలు కొందరు ఒక రకం జపాన్ ఆటలకు బాగా అలవాటు పడ్డారు. ఒక అమ్మాయి అడవికి వెళ్లి ఆకులు, వేర్లు, రాళ్లు ఏరుకొస్తుంది. ఇంటికొచ్చి పెద్ద కుండలో వేసి కలిపి మందో, రొట్టో, గుడ్డో తయారు చేస్తుంది. మళ్లీ అడవికి వెళ్తుంది. పోట్లాటలు ఉన్నా అవి పక్కవాటు పనులే. "ఇందులో ఏముందిరా?" అంటే "హాయిగా ఉంటుంది" అంటారు. ఆ హాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. మన కొరాపుట్‌లో ఉండేవాళ్లకు అది మరీ దూరపు కథేమీ కాదు.

1990లలో జపాన్‌లో ఈ తరహా ఆటలు చాలావరకు ఒకే దారిలో నడిచేవి. రాక్షసుడు, కత్తి, లోకాన్ని కాపాడే కుర్రాడు. 1996లో యసుహిరో వాడా 'బొకుజో మొనొగతారి' తెచ్చారు. బయటి దేశాల్లో దాని పేరు 'హార్వెస్ట్ మూన్'. పల్లెలో పెరిగి టోక్యో చేరిన మనిషి ఆయన. ఆ ఆటలో చేసేది పొలం దున్నడం, ఆవుల్ని మేపడం, ఊరివాళ్లతో మాట్లాడడం. మరుసటి ఏడాది, 1997 మే నెలలో, నగానోలోని గస్ట్ అనే కంపెనీ ప్లేస్టేషన్ మీద మారీ అనే అమ్మాయి కథ విడుదల చేసింది. ఇవాళ 'అటెలియర్' అని పిలిచే వరసకు అదే మొదలు. మారీ చదువులో అందరికన్నా వెనకబడిన పిల్ల. టీచరు ఆమెకు ఒక చిన్న పనిశాల అప్పగించి, అయిదేళ్లలో మంచి వస్తువు ఒకటి చేసి చూపించమంటుంది. లోకాన్ని కాపాడే పని ఇక మానేశామన్న అర్థం వచ్చే మాటతోనే ఆ ఆటను ప్రచారం చేశారు. 2019లో వచ్చిన 'అటెలియర్ రైజా'తో ఈ వరస జపాన్ బయట కూడా బాగా తెలిసింది. 2023లో మారీ ఆటను మళ్లీ చేసినప్పుడు, కావాలంటే అయిదేళ్ల గడువు లేకుండా కూడా ఆడుకునే వీలు ఇచ్చారు.

ఈ ఆటల్లో కిటుకు వంటకం రాసిన తీరులో ఉంది. చాలా చోట్ల సూత్రం ఫలానా పువ్వే కావాలని పట్టుబట్టదు. ఏదో ఒక మొక్క, ఏదో ఒక నీరు, ఏదో ఒక నూనె అంటుంది. ఏది వేయాలో మనమే చూసుకోవాలి. వేసిన దినుసు మంచిదైతే చేసిన వస్తువుకు ఆ గుణం వస్తుంది. ఆ వస్తువు ఇంకో వస్తువుకు దినుసు అవుతుంది. పది రోజుల కింద ఏరుకొచ్చిన వేరు ఇవాళ పనికొచ్చినప్పుడు కలిగే తృప్తి, వంట చేసేవాళ్లకూ పంట పండించేవాళ్లకూ తెలిసినదే.

ఇప్పుడు జయపురం దాటి కోట్‌పాడ్ వెళ్దాం. అక్కడి మీర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకు రంగు వేస్తారు. తెలుగులో తొగరు అంటామే, ఆ జాతి చెట్టు. నూలును ముందు ఆముదం, బూడిద, పేడలతో పదునుచేస్తారు. తడపడం, ఎండబెట్టడం, మళ్లీ తడపడం. వేరు పొడితో ఉడికించే దాకా వచ్చేసరికి వారాలు గడుస్తాయి. వేరు వయసును బట్టి, పాళ్లను బట్టి ఎరుపు నుంచి ముదురు గోధుమ దాకా రంగు మారుతుంది. అన్నభేది కలిపితే నలుపు. రసాయన రంగు వాడరు. ఆ గుడ్డ మీద శంఖం, చేప, పీత, గొడ్డలి, విల్లు నేస్తారు. కోట్‌పాడ్ చేనేతకు 2005లో జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడి నేతగాడు గోవర్ధన్ పనికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

మన కోస్తాలోనూ ఇలాంటి విద్యే ఉండేది. మచిలీపట్నం కలంకారీ ఎరుపుకు మూలం చిరివేరు. కరక్కాయ, పాలు, పటిక వేసి గుడ్డను సిద్ధం చేసేవారు. పాత ఇనుము, బెల్లం ఊరబెట్టి నల్లరంగు తీసేవారు. ఆ గుడ్డలు సముద్రాలు దాటాయి. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థం పేరు అలిజరిన్. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు బొగ్గు తారు నుంచి వచ్చే పదార్థంతో దాన్ని తయారు చేశారు. కొద్ది ఏళ్లలోనే ఫ్యాక్టరీ రంగు ప్రపంచమంతా దిగింది. వేర్లు తవ్వి, దంచి, ఉడికించే పని ధరలో దానితో పోటీపడలేకపోయింది. కలంకారీలోనే చిరివేరు పోయి డబ్బా అలిజరిన్ వచ్చి చేరింది.

మరి కోట్‌పాడ్ వేరు ఎందుకు నిలిచింది? మాకు తోచే కారణం ఒకటుంది. మచిలీపట్నం గుడ్డ కొనేవాడు ఓడ అవతల ఉన్నాడు. కోట్‌పాడ్ గుడ్డ కొనేవాళ్లు పక్క ఊళ్ల ఆదివాసీలు. పెళ్లికి, పండక్కి, చావుకు వాళ్లకు ఆ గుడ్డే కావాలి. ఏ గుడ్డ ఎవరు నేశారో కొనేవాడికి తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా జయపురం జమీందారీ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అంటే చిరివేరు, తొగరువేరు రెండూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలోవి. ఒకటి దూరపు గిరాకీ మీద బతికింది, ఒకటి దగ్గరి గిరాకీ మీద.

ఆటకూ దీనికీ తేడా కూడా చెప్పుకోవాలి. ఆటలో ఏరిన మొక్క కొన్నాళ్లకు మళ్లీ మొలుస్తుంది. వంట చెడితే పోయేది కాస్త దినుసే. పడిన శ్రమకు ఎప్పుడూ ఫలితం దక్కుతుంది. కోట్‌పాడ్‌లో వేరు తవ్వితే చెట్టు ఎదగడానికి ఏళ్లు కావాలి. నెల రోజుల రంగు పని చెడితే ఆ నెల కూలి పోయినట్టే. పిల్లలు ఆటలో వెతుక్కునే హాయి అబద్ధం కాదు. చేసిన పనికి న్యాయంగా ఫలితం రావాలన్న కోరిక అది. బయట ఆ న్యాయం నేతగాడికి అరుదుగా దొరుకుతుంది.

2020లో 'సకూనా' అనే ఇంకో జపాన్ ఆట వచ్చింది. అందులో వరి నారు పోయడం నుంచి దంచడం దాకా అన్నీ చేయాలి. ఆడేవాళ్లు పంట బాగా రావడానికి జపాన్ వ్యవసాయ శాఖ వెబ్‌సైటు చూశారని అప్పట్లో బాగా చెప్పుకున్నారు. మన బొయిపరిగుడ బ్లాకులోని పాత్రపుట్‌లో కమలా పూజారి గారు ఏ ఆటా లేకుండానే వందకు పైగా దేశవాళీ వరి రకాల విత్తనాలు కాపాడారు. 2019లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 జూలైలో కన్నుమూశారు. ఊరూరా తిరిగి గింజలు సేకరించడం, ఏది ఏ నేలకు పనికొస్తుందో గుర్తుపెట్టుకోవడం, అడిగినవాళ్లకు పంచడం. పిల్లలకు ఆటలో నచ్చే పనులన్నీ ఇక్కడ ఒక మనిషి జీవితంలో ఉన్నాయి.

అందుకని ఫోన్ లాక్కోమని మేం చెప్పడం లేదు. రెండు పనులు అడుగుతున్నాం. ఒకటి, వచ్చే సంక్రాంతికి బట్టలు కొనేటప్పుడు ఇంటికొక కోట్‌పాడ్ గుడ్డ, బేరమాడకుండా, నేసినవాళ్ల దగ్గరే కొందాం. పిల్లల్ని వెంట తీసుకెళ్లి రంగు కుండ చూపిద్దాం. రెండు, మన ఇళ్లలో పెద్దవాళ్ల చేతి కొలతలు రాయిద్దాం. ఊరగాయ పాళ్లు, చోడి అంబలి పులిసే వేళ, పసిపిల్లలకు కాచే కషాయం, ఏదైనా సరే. రాసే పని పిల్లలకే ఇవ్వండి. సూత్రం చదివి దినుసు వెతకడం వాళ్లకు అప్పటికే వచ్చు.