పలక మీద గురి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, బహుశా డి.ఎ. బకాయిల గురించి రాస్తాననుకుని ఉంటారు. నేను తుపాకీ గురించి రాస్తున్నాను. కంగారు పడకండి. ఇది వేట కథ కాదు. కాగితం మీది నల్లచుక్కను కొట్టడం నేర్చుకున్న కథ.

మా చిన్నతనంలో మార్కాపురం, గిద్దలూరు వైపు తుపాకీ రెండుచోట్లే కనిపించేది. ఒకటి పోలీసు భుజాన, రెండోది నల్లమల అంచు పొలాల్లో అడవిపందులను బెదరగొట్టే రైతు చేతిలో. మామూలు మనిషి దాన్ని ఆటగా నేర్చుకోవచ్చన్న ఊహే మాకు లేదు. దానికి కారణం చరిత్రలో ఉంది. 1878లో తెల్లదొరలు తెచ్చిన ఆయుధ చట్టం భారతీయుల చేతికి లైసెన్సు లేకుండా ఆయుధం అందనివ్వలేదు. స్వతంత్రం వచ్చాక, 1951లో, భారత జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడింది. లోక్‌సభ తొలి స్పీకరు మావలంకర్ గారే దానికి తొలి అధ్యక్షులు. పాత చట్టం స్థానంలో 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది. అయినా ఈ క్రీడలో ఆనాడు అందరికీ తెలిసిన పేరు బికనీరు మహారాజా కర్ణీసింగ్‌ది. అది రాజుల ఆట అనుకుని మేము ఊరుకున్నాం.

మావంటి వాళ్ళ చేతికి రైఫిలు అందించింది ఎన్.సి.సి. 1962 చైనా యుద్ధం తరువాత, 1963లో, కళాశాల విద్యార్థులకు దాన్ని తప్పనిసరి చేశారు. 1968లో తిరిగి ఐచ్ఛికం చేశారు. ఆ మధ్యకాలంలో, 1966లో, నేను డిగ్రీ చదువుకు కర్నూలు వెళ్ళాను. అప్పటికి మన తాలూకాలు కర్నూలు జిల్లావే. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో కలిశాయి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మార్కాపురం రోడ్డు స్టేషనులో మీటరుగేజి బండెక్కితే కంభం, గిద్దలూరు దాటి, నల్లమల సొరంగంలోంచి నంద్యాల చేరేది. అక్కడినుంచి బస్సు.

ఊరి శివారున మట్టిగట్టు ముందు 25 గజాల దూరంలో మమ్మల్ని బోర్లా పడుకోబెట్టారు. చేతిలో పాయింట్ టూటూ రైఫిలు, మనిషికి అయిదు తూటాలు. హవల్దారు గారి హిందీ సగమే అర్థమయ్యేది. చెప్పినవి నాలుగు ముక్కలు. మడమను భుజం గుంటలో గట్టిగా ఆనించు. వెనుక సైటు, ముందు సైటు, నల్లచుక్క ఒకే వరుసలోకి తెచ్చుకో. ఊపిరి సగం వదిలి ఆపు. ట్రిగ్గరును గుంజకు, మెల్లగా నొక్కు. నేను గుంజాను. రెండు తూటాలు కాగితానికి, మూడు మట్టిగట్టుకు!

రెండోసారి జరిగినది ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మూడో తూటా పేలలేదు. "పేలలేదు సార్" అని చెప్పడానికి లేచి వెనక్కి తిరిగాను. నాతోపాటు రైఫిలూ తిరిగింది. వెనుక మా క్లాసు కుర్రాళ్ళు పదిహేను మంది వరుసగా నిలబడి ఉన్నారు. హవల్దారు గారు ఒక్క అంగలో వచ్చి గొట్టాన్ని నేలకు నొక్కిపట్టారు. కొంతసేపు ఆగి బోల్టు లాగితే తూటా బయటపడింది. దాని అంచు మీద సూది దెబ్బ స్పష్టంగా ఉంది. అలాంటి తూటా క్షణం ఆలస్యంగా పేలవచ్చునని, అందుకే గొట్టం గురివైపే ఉంచి ఆగాలని అప్పుడే తెలిసింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజంతా నాచేత ఇసుక బస్తాలు మోయించారు.

దసరా సెలవులకు ఇంటికొచ్చాక సాధన మొదలుపెట్టాను. మన ఊరి పలక ఒకటి గోడకు వేలాడదీసి, సుద్దతో గుండ్రంగా గీసి, రైఫిలు బదులు రోకలి భుజాన ఆనించి గురి పట్టేవాణ్ణి. "రోకలితో ఎవర్ని కాలుస్తావురా?" అని అమ్మ నవ్వేది. తూటా లేకుండా గురి నిలిపే ఈ సాధన ఒలింపిక్ వీరులు కూడా చేస్తారని చాలా ఏళ్ళకు తెలిసింది. సెలవుల తరువాత నా అయిదు తూటాలూ అరచేయంత మేరలో పడ్డాయి. హవల్దారు గారు "ఠీక్ హై" అన్నారు. అంతకు మించిన పతకం నాకు రాలేదు. చదువు ముగిసింది, గుమాస్తా ఉద్యోగం వచ్చింది, మళ్ళీ రైఫిలు ముట్టలేదు.

2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాడు. 2012లో లండనులో మన హైదరాబాదు కుర్రవాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు. ప్రాథమిక పోటీలో అతను 600కు 598 కొట్టాడు. ఇద్దరిదీ 10 మీటర్ల ఎయిర్ రైఫిలే. అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, అంటే గుండుసూది మొన చేసే గుర్తంత!

ఇప్పుడు హైదరాబాదులో మా మనుమరాలు అదే నేర్చుకుంటోంది. తుపాకీ అనగానే మా కోడలు భయపడింది. నేను మనుమరాలికి నా అయిదు తూటాల గొప్ప చెప్పలేదు. పేలని తూటా సంగతే ముందు చెప్పాను. "మాకు మొదటి వారమంతా అదే నేర్పారు తాతయ్యా, రైఫిలు లోడు చేయనే లేదు" అంది. అది విన్నాక కోడలి మనసు కుదుటపడింది.

మీ ఇంట్లో పిల్లలెవరైనా ఈ క్రీడ నేర్చుకుంటామంటే వెంటనే వద్దనకండి. కాల్చడానికి ముందు ఆగడం నేర్పే గురువు ఉన్నాడా అని మాత్రం అడగండి. ఉన్నాడంటే నిశ్చింతగా పంపండి. రైఫిలు కొనే స్తోమత లేకపోతే ఎన్.సి.సి. ఉన్న బడి చూడండి. అదీ దొరకనప్పుడు పలకకు మన మార్కాపురంలో కొదవ లేదు, రోకలి పెరట్లోనే ఉంటుంది.