సిటీ కౌన్సిల్‌కు పోటీ: మన ఇళ్లలో ఎవరు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

కాలిఫోర్నియాలో సిటీ కౌన్సిల్‌కు నిలబడాలన్న ఆలోచన మనవాళ్లకు ఇప్పుడు కొత్తేమీ కాదు. ఇక్కడ ఒక ప్రచారానికి కోశాధికారిగా చెక్కులు, ఫారాలు చూసినప్పుడు నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. మన ఇళ్లలో సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు అందరూ కలిసే ఉంటారు. ఎన్నికల చట్టం మాత్రం వీళ్లందరినీ ఒకేలా చూడదు. అభిమానంతో ఇచ్చిన చెక్కు, తెలియక పెట్టిన సంతకం అభ్యర్థినీ ఇచ్చినవారినీ చిక్కుల్లో పడేయగలవు. అందుకే పోటీ పద్ధతితోపాటు ఆ వివరాలు కూడా ఇక్కడ రాస్తున్నాను.

కౌన్సిల్ చేతిలో ఏముంది?

నగర బడ్జెట్, రోడ్లు, పార్కులు, పోలీసు సేవలు, ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న జోనింగ్ నిర్ణయాలు కౌన్సిల్ పరిధిలోవి. గుడి కట్టుకోవడానికి కావాల్సిన అనుమతైనా, పార్కులో క్రికెట్ పిచ్ అయినా చివరికి నగరపాలనతోనే తేలాలి. స్కూలు బౌండరీలు, టీచర్ల జీతాలు మాత్రం స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డువి. వీసాలు ఫెడరల్ ప్రభుత్వానివి. ఓటరు ముందు ఈ తేడా తెలియకుండా మాట్లాడితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

చాలా నగరాల్లో రోజువారీ పాలన సిటీ మేనేజర్ చూస్తారు. కౌన్సిల్ విధానాలు నిర్ణయిస్తుంది. ఇది జీతం కోసం చేసే పని కాదు. సాధారణ చట్టం కింద నడిచే నగరాల్లో, జనాభా 35,000 లోపు ఉంటే నెలకు 950 డాలర్లు, రెండున్నర లక్షలు దాటితే 3,200 డాలర్లు గరిష్ఠ పరిమితి.

ఎవరు నిలబడొచ్చు?

18 ఏళ్లు నిండిన అమెరికా పౌరులై, ఆ నగరంలో ఓటరుగా నమోదై ఉండాలి. ఇక్కడే పుట్టి ఉండాలన్న నియమం లేదు. డిస్ట్రిక్టులవారీగా ఎన్నిక జరిగే నగరమైతే ఆ డిస్ట్రిక్టులోనే నివాసం ఉండాలి. ఫ్రీమాంట్ 2018 నుంచి ఇలాగే ఎన్నుకుంటోంది. పార్టీ గుర్తులు ఉండవు. సొంత చార్టర్ ఉన్న నగరాల్లో నియమాలు వేరుగా ఉండొచ్చు కాబట్టి, మొదట కలవాల్సింది సిటీ క్లర్కునే.

నామినేషన్

2026 నవంబర్ 3 ఎన్నికకు నామినేషన్ల కాలం జూలై 13 నుంచి ఆగస్టు 7 వరకు. ప్రస్తుత సభ్యులు మళ్లీ నిలబడకపోతే మిగతావారికి గడువు ఆగస్టు 12 దాకా పెరుగుతుంది. చాలా నగరాల్లో 20కి తగ్గకుండా, 30కి మించకుండా ఓటర్ల సంతకాలు కావాలి. నేనైతే 30 సంతకాలూ చేయించమంటాను. చిరునామా సరిపోలలేదనో, డిస్ట్రిక్టు బయట ఉన్నారనో కొన్ని కొట్టేస్తారు. ఒక సీటుకు ఒక ఓటరు ఒక్క అభ్యర్థికే సంతకం చేయాలి.

బ్యాలెట్ మీద పేరు కింద వృత్తిని సాధారణంగా మూడు పదాల్లోపు రాయాలి. పేరుకు ముందు డాక్టర్ లాంటి బిరుదులు పెట్టనివ్వరు. ఓటర్లకు పంపే పుస్తకంలో సాధారణంగా 200 పదాల ప్రకటన ఇవ్వొచ్చు. అందులో ఎదుటి అభ్యర్థుల ప్రస్తావన ఉండకూడదు. దాని ముద్రణ ఖర్చు చాలా నగరాల్లో అభ్యర్థిదే. ఆస్తులు, ఆదాయ వనరుల వివరాలతో ఫారం 700 కూడా ఇవ్వాలి.

డబ్బు లెక్క

సొంత డబ్బైనా సరే, రూపాయి ముట్టుకునే ముందే ఫారం 501 దాఖలు చేయాలి. ఇతరుల నుంచి విరాళాలు తీసుకుంటే ప్రచారానికి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. విరాళాలు 2,000 డాలర్లకు చేరితే కమిటీ ఏర్పాటు చేసి, ఫారం 410 ఇవ్వాలి. నగరం సొంత పరిమితి పెట్టుకోకపోతే 2025-26లో ఒక దాత ఒక ఎన్నికకు ఇవ్వగలిగేది 5,900 డాలర్లు. 100 డాలర్లు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. 100 డాలర్లు, ఆపైన ఇచ్చినవారి పేరు, వృత్తి, పనిచేసే సంస్థ ఫారం 460లో చేరతాయి. అది ఎవరైనా చూడగలిగే పత్రం.

ఇంట్లో ఎవరు ఏం చేయొచ్చు?

సిటిజన్లు: అన్నీ చేయొచ్చు.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు: విరాళం ఇవ్వొచ్చు, ప్రచారంలో పనిచేయొచ్చు. ఓటు వేయకూడదు, నామినేషన్ పత్రం మీద సంతకం చేయకూడదు.

హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లు: ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. ఫెడరల్ చట్టం విదేశీయుల విరాళాలను చిన్న నగర ఎన్నికల్లో కూడా నిషేధిస్తుంది. హైదరాబాదులోని బావగారో, విజయవాడలోని మామయ్యో పంపే డబ్బుకూ ఇదే నియమం. ప్రతిఫలం ఏమీ తీసుకోకుండా స్వచ్ఛందంగా సాయం చేయొచ్చు గానీ, డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో పాల్గొనకూడదు.

భార్యాభర్తల ఉమ్మడి ఖాతా నుంచి చెక్కు వస్తే, మామూలుగా సంతకం చేసినవారి విరాళంగానే లెక్క. "నా డబ్బు మీ పేరు మీద ఇవ్వండి" అనడం సొంతంగా నేరం. స్నేహితుల మధ్య మొహమాటంతో ఎక్కువగా జరిగేది ఇదే. 18 ఏళ్లు నిండని పిల్లల పేరుతో ఇచ్చినదాన్ని తల్లిదండ్రుల విరాళంగా భావిస్తారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఓటరు నమోదు. ఎవరో ఫారం చేతికిచ్చారని పౌరులు కానివాళ్లు సంతకం పెడితే, తప్పుగా పౌరసత్వం చెప్పుకున్నట్టు అవుతుంది. గ్రీన్‌కార్డుకే ముప్పు రావచ్చు. పౌరసత్వ దరఖాస్తులో, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని అడుగుతారు. ప్రచార బల్ల దగ్గర నమోదు ఫారాలు ఉంచితే, "మీరు సిటిజనేనా?" అని ముందు అడిగే మనిషిని కూర్చోబెట్టండి.

గుళ్లు, సంఘాలు

మన సాంస్కృతిక సంఘాలు చాలావరకు 501(సి)(3) కింద నమోదైనవి. ఆ హోదా ఉన్న సంస్థ అభ్యర్థిని సమర్థించకూడదు, సంస్థ డబ్బు ప్రచారానికి వాడకూడదు. ఉగాది వేదిక మీద మన అభ్యర్థికి మాత్రమే మైకు ఇచ్చి ఓటు అడగనిస్తే సంఘం హోదాకే ఎసరు రావచ్చు. అభ్యర్థులందరినీ పిలిచి నిష్పక్షపాతంగా చర్చ పెట్టొచ్చు. సంఘం నాయకులు సొంత హోదాలో ఎవరికైనా మద్దతు చెప్పుకోవచ్చు.

గెలుపు ఎక్కడ మొదలవుతుంది?

కౌన్సిల్ సమావేశాల అజెండా కనీసం 72 గంటల ముందు బయటపెట్టాలని చట్టం. అది చదివి, వెళ్లి, ప్రజలకు ఇచ్చే రెండు మూడు నిమిషాల్లో ఏడాదిపాటు మాట్లాడినవాళ్లకు ఊరి సమస్యలు తెలుస్తాయి, ఊరికి వాళ్లు తెలుస్తారు. ప్లానింగ్, పార్కులు, లైబ్రరీ కమిషన్లకు దరఖాస్తు పెట్టుకోవడం తర్వాతి మెట్టు. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల న్యూజెర్సీలో మొదట ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌లో, తర్వాత మేయరుగా పనిచేసి, ఆ పైన రాష్ట్ర అసెంబ్లీకి వెళ్లారు.

కాలిఫోర్నియాలో పోలింగుకు 29 రోజుల ముందు నుంచే బ్యాలెట్లు ఇళ్లకు చేరడం మొదలవుతుంది. కాబట్టి ఇంటింటికీ తిరగడం సెప్టెంబరు లోపే చాలావరకు అయిపోవాలి. మన తెలుగు ఓట్లు మాత్రమే ఏ డిస్ట్రిక్టులోనూ చాలవు. తలుపు తట్టాల్సింది ముఖ్యంగా మనల్ని ఎరగని ఇళ్లవి. వాట్సాప్ గ్రూపులో వచ్చే అభినందనల్లో ఓటు హక్కు ఉన్నవి ఎన్నో, అందులో మీ డిస్ట్రిక్టువి ఎన్నో ఒకసారి లెక్క వేసుకుంటే, ఎన్ని తలుపులు తట్టాలో మీకే తెలుస్తుంది.