కూపర్ నది మీద కాలినడక

గోదావరి గట్టున పెరిగిన మనకు వంతెన అంటే చదునైన దారి. నేనుంటున్న అమెరికా తీరపట్టణం చార్లెస్టన్‌లో మాత్రం వంతెన అంటే గుట్ట ఎక్కడమే. కింద పెద్ద ఓడలు పోవాలి కనుక కూపర్ నది మీది రావెనెల్ వంతెన అడుగుభాగం నీటికి 186 అడుగుల ఎత్తున ఉంటుంది. ఏటా వసంతకాలంలో ఒక శనివారం ఉదయం దాన్ని వాహనాలకు మూసి, పరుగుకు వదిలేస్తారు. దాదాపు రెండు మైళ్లు చదును. ఆ తర్వాత ఎక్కుడు మొదలు. ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు మోకాళ్లు పరీక్ష పెడతాయి. నాలాంటి సరదా పరుగువాళ్లలో చాలామంది అక్కడే నడకకు దిగుతారు.

ఈ 10 కిలోమీటర్ల పరుగు 1978లో మొదలైంది. స్థానిక వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ మార్కస్ న్యూబెర్రీ ఆలోచన అది. జనానికి వ్యాయామం అలవాటు చేయాలని ఆయన తపన. అప్పటికున్నవి రెండు వంతెనలు. 1929 నాటిది మరీ ఇరుకు. 1946 దాకా టోల్ కట్టి దాటేవారట. రెండోది 1966లో వచ్చింది. రెంటికీ నడకదారి లేదు. కారు లేనివాడికి వంతెన లేనట్టే. 2005లో తెరిచిన రావెనెల్ వంతెనకు స్థానికులు పట్టుబట్టి నడకదారి పెట్టించుకున్నారు. ఏ పతకం కన్నా ఇదే పెద్ద గెలుపని నా లెక్క. ఇప్పుడు ఏ రోజైనా నడిచి దాటవచ్చు, పైసా కట్టక్కర్లేదు.

1900లో ప్రారంభమైన మన 56 ఖానాల హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. దాని మీద ఎక్కుడు లేదు, దిగుడు లేదు. మన బ్యాచ్ అంతా కలిసి పరుగెత్తగలం.