ఆరేళ్ల గీత

1959వ సంవత్సరం. మలయాలో, అంటే ఇప్పటి మలేసియాలో, పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవు. ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్నది ఇదే. మద్రాసులో బయల్దేరిన రజూలా ఓడ నాగపట్నం, పెనాంగ్ మీదుగా వచ్చి ఆగింది. డెక్కు మీద చాపలు చుట్టేస్తున్నారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి మొగుళ్ల దగ్గరికి బయల్దేరిన ఎందరో ఆడవాళ్లలో ఒకామె వెనకాల మనమూ దిగుదాం రండి.

ఒక చేత్తో రేకుపెట్టె. అందులో రెండు చీరలు, చింతపండు, గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ. రెండో చేతిని ఆరేళ్ల కొడుకు వదలడు. రొంటిని దోపుకున్న చిన్న మూటను మాత్రం ఆమె మాటిమాటికీ తడుముకుంటోంది. ప్రవేశ అనుమతి కాయితం అందులోనే ఉంది. తన ఫొటో, పిల్లాడి పేరు, రమ్మన్న భర్త పేరు. చదువు రాదు గానీ ఏ పేరు ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూపించగలదు.

బల్ల దగ్గర అధికారి కాయితం వంక, పిల్లాడి వంక చూస్తాడు. మళ్లీ కాయితం. ముద్ర పడింది.

గేటు అవతల బక్కపల్చటి మనిషి. పెళ్లాం కడుపుతో ఉండగా ఊరి నుంచి ఇక్కడికి తిరిగొచ్చేసినవాడు.

“ఏటే, కాయితం ఉన్నాదా?” అదే మొదటి మాట.

“ఈయనేనేటమ్మా నాన?” అంటాడు కొడుకు. జవాబు చెప్పలేక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

లారీ ఉత్తరానికి మళ్లింది. క్లాంగ్, కాపార్, జెరామ్. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క రబ్బరు తోటలు, కొబ్బరి. తర్వాత తాడీ కాని, ఈతా కాని చెట్లు బారులు తీరి వస్తాయి. పామాయిలు. ఈ దేశంలో ఆ పంటను వ్యాపారానికి మొదట వేసింది ఈ కువాలా సెలంగోర్ జిల్లాలోనే, తెన్నమారం తోటలో, 1917లో. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల మనుషులు కూలీలను కుదిర్చే కంగాణీల వెంట మలయాకు వచ్చి ఇలాంటి తోటల్లో చెమటోడ్చారు. 1938లో భారత ప్రభుత్వం కూలీల పంపకం ఆపేసింది. 1953 ఆగస్టు నుంచి కొత్తవాళ్లకు మలయా కూడా తలుపు మూసింది. ఇక్కడున్నవాళ్ల భార్యాబిడ్డలకు మాత్రం ఓరగా తెరిచి ఉంచింది. మన తల్లీకొడుకులు వచ్చింది ఆ సందులోంచే.

కూలీ లైన్ల ముందు లారీ ఆగింది. రేకు కప్పు, చెక్క గోడలు. పక్కింట్లో దగ్గితే ఇక్కడ వినబడుతుంది. అరవం మాట్లాడే పక్కింటామె చెంబుతో నీళ్లిస్తుంది. కొళాయి దగ్గర నుంచి ఎవరో తెలుగులో కేకేశారు: “ఏ ఊరమ్మా మీది?”

“టెక్కలి దగ్గర.” వారం రోజుల ప్రయాణంలో ఆమె గట్టిగా పలికిన మొదటి మాట అది.

రాత్రి దీపం దగ్గర భర్త ఆ కాయితాన్ని విప్పి, మడతలు సాపు చేసి, పెట్టె అడుగున దాస్తాడు. తోట గుమాస్తా ఇప్పటికే చెవిన వేశాడు, చట్టం బిగిస్తున్నారని. ఆ బిగింపు ఆ ఏడాదిలోనే వచ్చింది. ఆరేళ్లు నిండిన పిల్లలకు, 1954 డిసెంబరు తర్వాత వరసగా ఐదేళ్లు భర్తకు దూరంగా ఉన్న భార్యలకు దారి మూసేశారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఈ ఇద్దరూ ఆ గీతకు అవతలే మిగిలేవాళ్లు. ఓడ ఖర్చు కూడబెట్టడానికే ఏళ్లు పట్టిన కూలివాడికి, ఇన్నాళ్లు ఎందుకు దూరంగా ఉంచావని ప్రభుత్వం శిక్ష వేయడమే ఇది.

మలేసియాలో విదేశీ భార్య కోసం భర్త, విదేశీ భర్త కోసం భార్య ఇవాళ్టికీ పూచీదారుగా సంతకం పెట్టాలి. పూచీ అడగడం వేరు. కానీ కన్నబిడ్డను తండ్రి దగ్గరికి చేర్చడానికి వయసు కొలిచే చట్టం తప్పు. ఆనాడు మలయాలోనే కాదు, ఈనాడు ఏ దేశంలో చేసినా తప్పే.