వార్త గడప దాటేదాకా



మన సంగం ఆనకట్ట గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. 1880లలో కట్టిన పాత ఆనకట్ట చోట 2022లో కొత్త బ్యారేజీ వచ్చింది. పెన్నలో నీళ్ళు ఎన్ని ఉన్నా, కాలవ ఎంత జోరుగా పారినా, చిట్టచివరి కయ్యకు తడి అందితేనే ఆ రైతుకు పంట. వార్తల సంగతీ అంతేనమ్మా. దూరదేశం నుంచి మన ఇంటికి కబురు ఎలా వస్తుందో, ఆ ఏర్పాటు ఎలా పెరిగిందో ఈవేళ చెప్పుకుందాం. సముద్రాలు దాటడం మనిషి ఎప్పుడో నేర్చుకున్నాడు. ఆలస్యమంతా చివరి నాలుగు మైళ్ళ దగ్గరా, మన గడప దగ్గరానే జరిగింది.

మన దేశంలో తంతికి ఆద్యుడు ఓషాగ్నెసీ అనే దొర. వృత్తికి వైద్యుడు. 1839లో కలకత్తాలో మైళ్ళ పొడవున తీగ లాగి, దాని గుండా విద్యుత్తుతో సంజ్ఞలు పంపి చూశాడు. హుగ్లీ నది అడుగున కూడా తీగ వేసి పరీక్షించాడు. 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరు దాకా మొదటి తంతి లైను మొదలైంది. 1855 ఫిబ్రవరిలో తంతిని ప్రజలకు తెరిచారు. ప్రజలకని పేరే గాని, అది ముందు పనికొచ్చింది ప్రభుత్వానికి. 1857 తిరుగుబాటులో ఢిల్లీ సంగతి అంబాలాకు క్షణాల మీద చేరింది తంతి వల్లనే.

తీగ మీద అక్షరాలు పోవు. విద్యుత్తును ఆపడం, వదలడం మాత్రమే పోతుంది. పొట్టిగా వదిలితే చుక్క, పొడుగ్గా వదిలితే గీత. ఆ చుక్కల్నీ గీతల్నీ కలిపి అక్షరాలుగా చదువుకునేవాళ్ళు. ఈ కిటుకు గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

నేల మీద సరే, సముద్రంలో తీగ తడిస్తే విద్యుత్తు నీళ్ళలోకి పోదూ? మలయా అడవుల్లో గట్టాపెర్చా అనే చెట్టుపాలు దొరుకుతాయి. ఆ పాలు గట్టిపడితే నీటిని చొరనివ్వవు. తీగకు దాన్ని తొడిగి 1858లో అట్లాంటిక్ అడుగున వేశారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం దాటడానికి 16 గంటలు పట్టింది. కొద్ది వారాలకే ఆ తీగ మూగబోయింది. మనిషి ఊరుకుంటాడా? 1866లో మళ్ళీ వేసి గెలిచాడు. 1870లో ఆ తీగ బొంబాయికి వచ్చింది. 1871 నాటికి మద్రాసు నుంచి పెనాంగుకు కూడా పడింది. ఓడలో వారాల తరబడి వచ్చే లండను కబురు గంటల్లో రావడం మొదలయింది.

అయితే ఆ కబురు మన పల్లెలకు వచ్చేసరికి ఏమయ్యేది? తంతి ఆఫీసున్న ఊరు దాకా తీగ మీద వచ్చి, అక్కణ్ణించి సైకిలు ఎక్కేది. వాగు పొంగితే ఇవతలి గట్టున ఆగేది. అంతా దాటి ఇంటికి వస్తే అది ఇంగ్లీషులో ఉండేది. చదివే మనిషి కోసం బడి పంతులుగారి ఇంటికి పరుగెత్తాలి. పెళ్ళికి శుభాకాంక్షలు పంపడానికి వాక్యాలన్నిటికీ అంకెలు వేసి పెట్టారు గాని, మన పల్లెల్లో తంతి అంటే చావు కబురే. బంట్రోతును చూడగానే, కాగితం విప్పకముందే, ఇంట్లో ఆడవాళ్ళు ఏడుపు అందుకునేవాళ్ళు. ఏడ్చిన తరువాత తెలిసేది కొడుక్కి ఉద్యోగం వచ్చిందని! కబురు ఖండాలు దాటొచ్చింది గాని, ఆ తల్లికి మాత్రం పొరుగువారి నోటి ద్వారానే అందింది. 2013 జులైలో తంతి సేవను మన దేశంలో ఆపేశారు.

టెలిఫోను కథ కూడా ఇలాంటిదే. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఎక్స్ఛేంజీలు తెరిచారు. కాని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకోవాలి. ఆపరేటరు మధ్యలో ఉండగా గట్టిగా అరిచి మాట్లాడాలి. మనసులో మాట ఎట్లా అరుస్తామమ్మా? మనమే నెంబరు తిప్పి పైఊరితో మాట్లాడే ఎస్.టి.డి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. 1984లో సి-డాట్ సంస్థ పెట్టి, మన ఎండకూ దుమ్ముకూ తట్టుకుని, చల్లదనం యంత్రం లేకుండానే పనిచేసే చిన్న ఎక్స్ఛేంజీలు తయారుచేశారు. వాటి వల్ల పల్లెల్లోకి ఫోను వచ్చింది. పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూతులు బస్టాండు బస్టాండుకూ వెలిశాయి.

మన జిల్లా పడమటి వైపు నుంచీ, పక్కనున్న కడప జిల్లా నుంచీ కువైట్‌కు ఇంటి పనులకు పోయిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ రోజుల్లో గల్ఫ్ దేశాలకు పోయినవాళ్ళు క్యాసెట్లలో మాటలు నింపి, సెలవుకు వచ్చేవాళ్ళ చేతికిచ్చి ఇళ్ళకు పంపేవాళ్ళు. రాతరానివాళ్ళకు అదే ఉత్తరం. ఇక్కడి తల్లి టేప్ రికార్డరు ముందు కూచుని బిడ్డ గొంతు వినేది. జవాబు చెప్పాలంటే ఇంకెవరైనా ప్రయాణం కట్టేదాకా ఆగాలి.

మరి ఈనాడు? 1995 జులై 31న మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ జరిగింది. అదే ఏడు ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది. కువైట్‌లో బిడ్డ ఫోనులో ఒక మాట చెబితే ఆత్మకూరులో తల్లి అప్పుడే వింటోంది. ఆ మాట ఆకాశంలో ఉపగ్రహం మీదుగా వస్తుందని చాలామంది అనుకుంటారు. శ్రీహరికోట మనకు దగ్గర కాబట్టి అనుకోవడం సహజమే. కాని ఖండాల మధ్య తిరిగే కబుర్లలో దాదాపు అన్నీ సముద్రం అడుగునే పోతున్నాయి! ఫోను నుంచి టవరు దాకా గాలిలో. ఆ తరువాత నేల కిందా, నీటి కిందా వెంట్రుకంత సన్నని గాజు పోగుల్లో వెలుగు రూపంలో పరుగెడతాయి. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇందాక చెప్పిన కిటుకే ఇక్కడా. వెలుగు ఉండటం, లేకపోవడం. ఆనాటి చుక్కా గీతకు ఇవి మనవళ్ళనుకోండి.

ఇంకొక విశేషం. మాటంతా ఒక్క మూటగా రాదు. పెద్ద రైతు వడ్ల బస్తాలకు నెంబర్లు వేసి, నాలుగు లారీల్లో నాలుగు దారుల్లో పంపాడనుకోండి. చేరినచోట నెంబరు ప్రకారం పేరుస్తారు. ఒక బస్తా తప్పిపోతే ‘ఫలానా నెంబరు రాలేదు, మళ్ళీ పంపు’ అని కబురు చేస్తారు. రాతలూ, బొమ్మలూ ఇట్లాగే ముక్కలై వచ్చి మన ఫోనులో కలుసుకుంటాయి. 1969 అక్టోబరు 29న అమెరికాలో ఈ పద్ధతిన రెండు కంప్యూటర్లను కలిపి మొదటి మాట పంపబోతే, రెండు అక్షరాలు పోయి యంత్రం ఆగిపోయింది. అక్కడ మొదలై ఇంత దూరం వచ్చింది.

మద్రాసు, ఇప్పటి చెన్నై, ఈనాటికీ ఒక పెద్ద రేవే. 2002లో సింగపూరు నుంచి గాజు పోగుల తీగ అక్కడికి వచ్చింది. 2008 జనవరి చివర ఈజిప్టు తీరాన తీగలు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ కుంటుపడింది. ఎంత గొప్ప ఏర్పాటైనా, ఆధారం ఆ సన్నని పోగులే.

ఇక అసలు మాట. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో తాము వాడుకునే సెల్‌ఫోను ఉన్నవాళ్ళు 100కు 49 మందే. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్ళు 21 మంది. మగవాళ్ళలో అలా వాడినవాళ్ళు 49 మంది. చూశారా? కబురు సముద్రం దాటింది, టవరు దాటింది, ఇంటి గడప కూడా దాటింది. మగవాళ్ళ చొక్కా జేబులో ఆగింది. ఆనాడు పంతులుగారు చదివి చెబితే విన్నాం. ఈనాడు కొడుకో, అల్లుడో నొక్కి చెవి దగ్గర పెడితే వింటున్నాం. రెండింటికీ తేడా ఏముంది?

కాబట్టి అక్కలూ, చెల్లెళ్ళూ, ఇంట్లో చదువుకున్న పిల్లను పక్కన కూచోబెట్టుకుని రోజుకు పది నిమిషాలు నేర్చుకోండి. మనకు వచ్చిన కబురు మనమే తెరిచి, మనమే చదివి, మనమే జవాబు పంపాలి. చివరి కయ్యకు నీళ్ళు వాటంతట అవి రావు. గట్టున నిలబడి అడిగి మళ్ళించుకోవలసిందే.

ఉంటాను మరి. సెలవు.