ముసురు పట్టిన పాటలు: 1980ల బ్రిటిష్ పాప్‌లో ఒక ధార

1980లలో బ్రిటన్‌లో పుట్టి, రేడియోల మీదుగా, క్యాసెట్ల మీదుగా ప్రపంచమంతా పాకిన ఒక తరహా పాప్ పాటల చరిత్ర ఇది. పాట పొడుగునా మంచులా పరుచుకునే సింథసైజర్ నాదం, యంత్రం వేసే తాళం, దూరం నుంచి ఉరిమినట్టు వినిపించే డ్రమ్ములు, వాటి మధ్య బాధను దాచుకోని ఒక మనిషి గొంతు. వీటిని గుర్తుపట్టడానికి ఇంతకన్నా ఆనవాళ్లు అక్కర్లేదు. పేరు మాత్రం ఒక్కటి స్థిరపడలేదు. సింథ్ పాప్, న్యూ వేవ్, గోథ్, డ్రీమ్ పాప్ అంటూ విమర్శకులు వేరువేరు అరల్లో సర్దారు. వినేవాళ్ల అనుభవంలో ఇవన్నీ ఒకే వాతావరణం. కుండపోతగా కురిసి వెలిసిపోయే వాన కాదది, రోజంతా వదలని ముసురు. అందుకే ఇక్కడ వీటిని ముసురు పాటలనే అంటున్నాం.

ఈ పాటల మీద మోజును పాత రోజుల బెంగగా కొట్టిపారేయడం మామూలైపోయింది. ఆ మాట నిలవదు. ఆ దశకం ముగిశాక పుట్టిన పిల్లలు కూడా ఇవి విని కదిలిపోతున్నారు, వాళ్లకు బెంగపడటానికి ఆ రోజులే లేవు. అసలు కారణం శబ్దంలోనే ఉంది. గుడిలో గంట కొట్టాక చెవిలో మిగిలే నాదం ఎవరికైనా ఎరుకే. గంట దెబ్బ క్షణంలో అయిపోతుంది, మనసును పట్టుకునేది ఆ తరవాతి మోత. ధ్వని చుట్టూ ఉన్న ఖాళీని చేత్తో మలచి, దాన్నే పాటకు ప్రాణం చేయడం ఆ దశకపు సంగీతకారులు, రికార్డింగ్ ఇంజనీర్లు సాధించిన పని.

దీని మొలకలు అంతకుముందే కనిపిస్తాయి. మాంచెస్టర్ పక్కన స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో 10సీసీ బృందం 1975లో 'ఐయామ్ నాట్ ఇన్ లవ్' రికార్డు చేసింది. ముగ్గురు గాయకులు ఒక్కో స్వరాన్ని పదహారేసి సార్లు పాడారు. అలా స్వరానికి 48 గొంతులు చొప్పున టేపులకెక్కించి, ఆ టేపులను చుట్టలుగా తిప్పుతూ, మిక్సింగ్ బల్లనే హార్మోనియం మెట్లలా వాడుకుని శ్రుతులు పలికించారు. పాట వెనక వినిపించే ఆ మేఘం మనుషుల గొంతుల ముద్ద. సింథసైజర్ ఆ పనిని సులువు చేయడానికి ఇంకా అయిదారేళ్లు పట్టింది.

అదే స్టూడియోలో 1979లో జాయ్ డివిజన్ తొలి ఆల్బం 'అన్‌నోన్ ప్లెజర్స్' తయారైంది. నిర్మాత మార్టిన్ హానెట్ ఒక డ్రమ్ము మోత ఇంకో డ్రమ్ము మైకులోకి చొరబడకుండా దేనికది విడిగా రికార్డు చేయించాడు. ఆపైన డిజిటల్ డిలే యంత్రంతో ఒక్కోదాని చుట్టూ కావలసినంత దూరం కల్పించాడు. లిఫ్టు చప్పుడును, గాజు పగిలే శబ్దాన్ని కూడా పాటల్లో కలిపాడు. వింటుంటే బృందం మన ముందు వాయిస్తున్నట్టు ఉండదు, మూతపడ్డ మిల్లులో ఎక్కడో అవతలి కొసన వాయిస్తున్నట్టు ఉంటుంది. గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980 మే 18న, 23 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. మరుసటి నెల విడుదలైన 'లవ్ విల్ టేర్ అస్ అపార్ట్' బ్రిటిష్ పాటల అమ్మకాల జాబితాలో 13వ స్థానానికి చేరింది. దాంపత్యం విరిగిపోవడాన్ని ఇంత తేలికైన వరసలో, ఇంత నిబ్బరమైన గొంతుతో పాడవచ్చని తరవాతివాళ్లు నేర్చుకున్నది ఆ పాట దగ్గరే.

రెండో మలుపు లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో అనుకోకుండా దొరికింది. పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బం రికార్డింగ్ జరుగుతోంది. ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తున్నాడు. అవతలి గదిలో వాయించేవాళ్ల మాటలు ఇంజనీర్‌కు వినపడటానికి పైన ఒక మైకు వేలాడుతుంటుంది. చిన్న మాట కూడా తెలియాలని దాని శబ్దాన్ని గట్టిగా అణిచి, పెంచి పంపే ఏర్పాటు ఉండేది. డ్రమ్స్ మోగుతుండగా ఇంజనీర్ హ్యూ ప్యాడమ్ ఆ మైకు తెరిచాడు. గదంతా గర్జించింది. ఆ గర్జన మెల్లగా సన్నగిల్లకుండా నాయిస్ గేట్ అనే పరికరంతో మధ్యలోనే కోసేశాడు. గంట మోత చెవికి అందుతుండగానే గుడి తలుపు దభాలున మూసినట్టన్నమాట. గేటెడ్ రీవర్బ్ అని పేరు పడ్డ ఈ శబ్దం తరవాత పదేళ్లపాటు పాప్ సంగీతాన్ని ఏలింది. మొదట వినిపించింది 1980లో, గేబ్రియల్ పాడిన 'ఇంట్రూడర్'లో.

ఊళ్లు తిరిగి మోగించింది మాత్రం కాలిన్సే. 1981 జనవరిలో వచ్చిన 'ఇన్ ది ఎయిర్ టునైట్' ఆల్బం రూపాన్ని దగ్గరగా వింటే ముసురు పాట కట్టుబడి అంతా తెలుస్తుంది. రోలాండ్ సీఆర్-78 యంత్రం చిటికెల్లాంటి తాళం ఒకటి వేస్తూ పోతుంది. ప్రాఫెట్-5 సింథసైజర్ మీద శ్రుతులు మబ్బుల్లా కదులుతాయి. మొదటి పెళ్లి విరిగిన రోజుల్లో ఇంట్లోనే తయారుచేసుకున్న నమూనా మీద, చాలావరకు అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలతో కాలిన్స్ పాడతాడు. మూడు నిమిషాలు దాటినా అసలు డ్రమ్స్ రావు. వినేవాడి ఓపిక తెగే చోట, సుమారు మూడు నిమిషాల నలభై సెకన్ల దగ్గర, ఆ గది ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అంతసేపు బిగబట్టినందుకే ఆ దెబ్బకు అంత బలం. ఇదే అమరికను తరవాత వందల పాటలు అనుకరించాయి గానీ, అంతసేపు ఆగే ధైర్యం ఏ కొందరికో ఉంది.

ఆ పాటా, అదే నెలలో విడుదలైన అల్ట్రావాక్స్ పాట 'వియన్నా' కూడా బ్రిటన్‌లో రెండో స్థానం దగ్గరే ఆగిపోయాయి. 'వియన్నా' నాలుగు వారాలు అక్కడే నిలిచింది. అందులో మూడు వారాలు దాన్ని అడ్డుకున్నది జో డోల్చే పాడిన 'షదప్ యూ ఫేస్' అనే హాస్యగీతం. ఆ వారాల జాబితాను ఇప్పుడెవరూ అంతగా పట్టించుకోరు. చలిరాత్రి, నిర్మానుష్యమైన వీధి, వయోలా ఏడుపు కలిసిన ఆ పాట మాత్రం ఇంకా మోగుతోంది.

యంత్రాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వేసుకున్న స్వరాల అమరికను గుర్తుంచుకోగల ప్రాఫెట్-5 1978లో, నిజమైన డ్రమ్స్ శబ్దాలను పలికే లిన్ ఎల్‌ఎం-1 1980లో వచ్చాయి. సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ రూపొందించిన ఫెయిర్‌లైట్ ఏ శబ్దాన్నయినా పట్టుకుని స్వరాలుగా మార్చేది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన పద్ధతిని వాడుకుని యమహా 1983లో డీఎక్స్7 తెచ్చింది. దాని గాజుగంటల్లాంటి పియానో నాదం ఆ దశకంలో ప్రేమగీతాలన్నిటికీ చిరునామా. అదే ఏడాది వేరువేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ప్రమాణం అమల్లోకి వచ్చింది. పొట్ట కొడతాయన్న భయంతో 1982లో సంగీతకారుల సంఘం మధ్య లండన్ శాఖ ఈ యంత్రాలను నిషేధించాలని తీర్మానం కూడా చేసింది. ఆ భయం అర్థంలేనిది కాదు. యంత్రం తాళం తప్పదు, అలవదు. ఆ చలనం లేని నేపథ్యంలో మనిషి గొంతులోని చిన్న వణుకు కూడా కొట్టొచ్చినట్టు వినపడుతుంది. ఈ పాటల్లోని ఆర్ద్రత చాలావరకు ఈ పొంతన లేనితనం నుంచే పుట్టింది.

ఈ పాటలు పుట్టిన కాలం కూడా ముసురు పట్టినదే. 1982 జనవరిలో బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య ముప్పై లక్షలు దాటింది. అణుయుద్ధ భయం ఇంటింటా ఉండేది. ఓఎండీ బృందం 1980లో హిరోషిమా మీద బాంబు వేసిన విమానం పేరుతోనే, 'ఎనోలా గే' అని, పాట కట్టి జనాన్ని చిందులు వేయించింది. బాత్ పట్టణంలో రోలాండ్ ఓర్జబాల్, కర్ట్ స్మిత్ అనే ఇద్దరు కుర్రాళ్లు చిన్నప్పటి గాయాలను ఏడ్చి కడుక్కోవాలనే ఆర్థర్ జానోవ్ మానసిక చికిత్సా సిద్ధాంతం చదివి, దాని నుంచే తమ బృందానికి 'టియర్స్ ఫర్ ఫియర్స్' అని పేరు పెట్టుకున్నారు. 1982లో 'మ్యాడ్ వరల్డ్' మూడో స్థానానికి వెళ్లింది. తొలి ఆల్బం 'ది హర్టింగ్' మొత్తం పసితనపు దుఃఖమే. అయినా బడిపిల్లలు దాన్ని ఎగబడి కొన్నారు.

1984లో బ్రాన్స్కీ బీట్ పాట 'స్మాల్‌టౌన్ బాయ్' ఇంకొంచెం ముందుకు వెళ్లింది. స్వలింగ సంపర్కుడైన ఒక కుర్రాడు ఇంట్లో, ఊళ్లో బతకలేక చిన్న సంచితో రైలెక్కడం దాని కథ. ముగ్గురు సభ్యులూ తాము స్వలింగ సంపర్కులమని బాహాటంగా చెప్పుకున్నవాళ్లే. ఆడామగా సంబంధానికి చట్టం 16 ఏళ్లు పెడితే, మగవాళ్ల మధ్య సంబంధానికి 21 ఏళ్లు పెట్టిన రోజులవి. గ్లాస్గో నుంచి వచ్చిన జిమ్మీ సొమర్‌విల్ తారస్థాయిలో తీసే ఆ మొదటి రాగం మాటలకన్నా ముందే సంగతంతా చెప్పేస్తుంది. ముసురు పాటల్లో ఇంత సూటిగా ఒక అన్యాయాన్ని వేలెత్తి చూపినది మరొకటి లేదని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఈ ధారకు శిఖరం కేట్ బుష్. 1978లో, పందొమ్మిదేళ్లకే, తాను రాసుకున్న పాటతో బ్రిటన్‌లో మొదటి స్థానం సాధించిన తొలి మహిళ ఆమె. 1982లో వచ్చిన 'ది డ్రీమింగ్' ఆల్బం బోలెడు డబ్బూ కాలమూ మింగి అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. ఆమె లండన్ వదిలి, పుట్టింటివాళ్ల తోటలోని కొట్టాన్ని సొంత స్టూడియోగా మార్చుకుంది. గంటకింత అద్దె అని గడియారం చూసుకోనక్కర్లేని చోటు అది. అక్కడ తయారైన 'రన్నింగ్ అప్ దట్ హిల్' 1985 ఆగస్టులో వచ్చింది. ఆమె సహచరుడు డెల్ పామర్ లిన్‌డ్రమ్ యంత్రం మీద కట్టిన తాళం గుర్రం దౌడులా నడుస్తుంది. ఫెయిర్‌లైట్ మీద చెల్లోను పోలిన ఒక పిలుపు పదే పదే వస్తుంది. వాటికింద మొదటి నుంచి చివరిదాకా ఒకే నాదం తంబురా శ్రుతిలా ఆగకుండా మోగుతుంటుంది. కచేరీలు విన్న చెవికి ఆ పాట అంత తొందరగా దగ్గరవడానికి ఇదొక కారణం కావచ్చు. ఆడా మగా ఒకరి బాధ ఒకరికి తెలియాలంటే దేవుడితో ఒప్పందం చేసుకుని చోట్లు మార్చుకోవాలన్నది పాట సారం. ఆమె పెట్టిన పేరు 'ఎ డీల్ విత్ గాడ్'. దేవుడి పేరుంటే కొన్ని దేశాల్లో రేడియోలు వేయవని రికార్డు కంపెనీ భయపడటంతో మార్చుకుంది. పాట మూడో స్థానానికి వెళ్లింది. దానివెంట వచ్చిన 'హౌండ్స్ ఆఫ్ లవ్' ఆల్బం మడోనాను దించి మొదటి స్థానం ఎక్కింది. ఆ ఆల్బం రెండో వైపంతా రాత్రి సముద్రంలో ఒంటరిగా తేలుతున్న ఒక స్త్రీ కథ.

స్కాట్లాండ్ ఈ సంగీతానికి రెండు పెద్ద కానుకలిచ్చింది. అప్పట్లో చమురుశుద్ధి కర్మాగారం నీడలో ఉన్న గ్రాంజ్‌మౌత్ నుంచి కాక్టో ట్విన్స్ వచ్చారు. రాబిన్ గత్రీ గిటారును పరికరాల వరసలోంచి నడిపి నీటిమీది వెలుగులా మార్చేవాడు. ఎలిజబెత్ ఫ్రేజర్ పాడే మాటలు సగం ఏ భాషవో తెలియవు. అర్థం అడ్డు తొలగాక భావం ఒక్కటే మిగలడం మన ఆలాపనలో ఉన్నదే. ఆమె, గత్రీ కలిసి 'దిస్ మోర్టల్ కాయిల్' పేరిట 1983లో చేసిన 'సాంగ్ టు ది సైరెన్' వందకు పైగా వారాలు బ్రిటిష్ స్వతంత్ర సంగీత జాబితాలో ఉంది.

ఇక గ్లాస్గో నుంచి ది బ్లూ నైల్. వీళ్ల తొలి ఆల్బం 'ఎ వాక్ ఎక్రాస్ ది రూఫ్‌టాప్స్' 1984లో లిన్ అనే సంస్థ నుంచి వచ్చింది. డ్రమ్ యంత్రం లిన్‌తో దీనికి సంబంధం లేదు. గ్రామఫోన్ టర్న్‌టేబుళ్లు తయారుచేసే స్కాటిష్ కంపెనీ ఇది. రెండో ఆల్బం 'హ్యాట్స్' రావడానికి 1989 దాకా పట్టింది. రెండింట్లోనూ ఏడేసి పాటలే. తడిసిన వీధిదీపాలు, ఆఖరి బస్సు, ఇంటికి వెళ్లాలనిపించని ఒక మనిషి. గాయకుడు పాల్ బుకానన్ గొంతు అలిసినట్టుంటుంది గానీ ఎక్కడా తనమీద తాను జాలిపడదు. ఈ రెండు రికార్డులకు సాటివచ్చేవి ఆ దశకంలో చాలా తక్కువ.

దశకం చివర్లో ధార మౌనంవైపు మళ్లింది. టాక్ టాక్ బృందం నాయకుడు మార్క్ హాలిస్ 1988లో వచ్చిన 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' ఆల్బం కోసం లండన్ వెసెక్స్ స్టూడియోలో నెలల తరబడి చీకట్లో రికార్డు చేశాడు. వెలుగన్నది చాలావరకు నూనె రంగుల ప్రొజెక్టరు నుంచి వచ్చినంతే. కంపెనీకి అందులో అమ్ముకోదగ్గ పాట కనిపించలేదు, గొడవ కోర్టుకెక్కింది. 1989 మే నెలలో ది క్యూర్ బృందం తన 'డిసింటిగ్రేషన్' ఆల్బంతో డెబ్బై నిమిషాల ముసురును కురిపించింది. ముప్పయ్యో ఏడు మీద పడుతుంటే గాయకుడు రాబర్ట్ స్మిత్‌లో రేగిన కలత దాని మూలం.

ఈ పాటలు వచ్చిన రోజుల్లో తెలుగు నేలకు చేరింది తక్కువ. కానీ అవే జపాన్ కీబోర్డులు మద్రాసు స్టూడియోల్లోకీ వచ్చాయి. ఇళయరాజా దగ్గర, రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు తరవాత ఏ.ఆర్. రహమాన్ అయ్యాడు. సంప్రదాయం వేరైనా, 1989 నాటి 'గీతాంజలి' సినిమాలో ఊటీ మంచును పాటల్లోకి తెచ్చిన ఇళయరాజా పనితనాన్ని 'హ్యాట్స్' పక్కన పెట్టి వినండి. ఒకే ఏడాది, రెండు దూరపు ఊళ్లలో, తడి ఒకేలా పలికింది.

1990లలో ఈ శబ్దం పాతబడిందని పక్కన పెట్టారు. 2003 క్రిస్మస్‌కు మైకేల్ ఆండ్రూస్, గ్యారీ జూల్స్ పియానో మీద మెల్లగా పాడిన 'మ్యాడ్ వరల్డ్' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. యంత్రాలన్నీ తీసేసినా పాట నిలబడుతుందని అప్పుడు తెలిసింది. 2011లో 'డ్రైవ్' సినిమా పాటలు ఆ సింథసైజర్ రాత్రులను మళ్లీ తెరమీదికి తెచ్చాయి. 2024లో టేలర్ స్విఫ్ట్ తన పాటలో ది బ్లూ నైల్ పాట 'ది డౌన్‌టౌన్ లైట్స్' ప్రస్తావన తేవడంతో కొత్త శ్రోతలు ఆ గ్లాస్గో బృందాన్ని వెతుక్కున్నారు. అంతకు రెండేళ్ల ముందు, 2022 మేలో, 'స్ట్రేంజర్ థింగ్స్' నాలుగో భాగంలో ఒక బడిపిల్ల వాక్‌మన్ చెవులకు తగిలించుకుని 'రన్నింగ్ అప్ దట్ హిల్' వింటూ మృత్యువు నుంచి పరుగెత్తి బయటపడింది. జూన్‌లో ఆ పాట బ్రిటన్‌లో మొదటి స్థానం చేరింది. విడుదలై దాదాపు 37 ఏళ్లయింది, కేట్ బుష్‌కు అప్పుడు 63 ఏళ్లు.